యాంటీవైరల్ మందుల్లో డ్యుటీరియం: జీరో శాంపిల్‌లో పీక్, పైన వంగిపోయే కర్వ్, ఇంకా కొన్ని సందేహాలు

బొమ్మసంద్ర_బయో
అందరికీ నమస్కారం. మా దగ్గర ఒక న్యూక్లియోసైడ్ ప్రోడ్రగ్‌కి (ఒంట్లోకి వెళ్లాక అసలు మందుగా మారే రూపం) హ్యూమన్ ప్లాస్మాలో ఎల్‌సీ-ఎంఎస్/ఎంఎస్ మెథడ్ (కాలమ్ మీద వేరుచేసి, బరువు బట్టి మందు మోతాదు కొలిచే పద్ధతి) నడుస్తోంది. రెమ్డెసివిర్ సైజు అణువు, 27 కార్బన్లు, అణుభారం 600 దాకా. క్లోరిన్, సల్ఫర్ లేవు. ఇంటర్నల్ స్టాండర్డ్ (ఐఎస్, పోల్చి చూడటానికి ప్రతి శాంపిల్‌లో ఒకే మోతాదులో కలిపేది) అదే అణువుకి డీ3, అంటే మిథైల్ మీద మూడు హైడ్రోజన్ల బదులు మూడు డ్యుటీరియంలు (బరువైన హైడ్రోజన్, డీ), సీడీ3. కాలిబ్రేషన్ కర్వ్ 1 నుంచి 5000 నానోగ్రామ్/మి.లీ., ఐఎస్ 100 నానోగ్రామ్/మి.లీ.

సమస్య 1: బ్లాంక్ (మందూ, ఐఎస్ కలపని ప్లాస్మా) శుభ్రంగా ఉంది. ఐఎస్ మాత్రమే కలిపిన జీరో శాంపిల్‌లో మాత్రం మందు ఛానెల్‌లో ఎల్‌ఎల్‌ఓక్యూ (కర్వ్‌లో అట్టడుగు మోతాదు, మాకు 1) పీక్‌లో 45 శాతం పీక్ వస్తోంది.
సమస్య 2: కర్వ్ పైభాగంలో వంగుతోంది. 5000 స్టాండర్డ్‌ని కర్వ్ నుంచి తిరిగి లెక్కిస్తే (బ్యాక్ కాలిక్యులేషన్) ఎప్పుడూ తక్కువే.

ఇంకో సంగతి. మెడిసినల్ కెమిస్ట్రీ వాళ్లు "ఎలాగూ లేబుల్ చేస్తున్నాం కదా, మందునే డ్యుటీరేట్ చేస్తే పోదా, కోవిడ్ మందు ఒకటి అలాగే వచ్చింది కదా" అంటున్నారు. దాని మీద కూడా తెలిసినవాళ్లు చెప్పండి.

ఎంఆర్ఎం_మామ
ముందు ఒక్క సంగతి చెప్పండి. కర్వ్ పైకి వెళ్తున్నకొద్దీ ఐఎస్ ఏరియా పెరుగుతోందా, తగ్గుతోందా? రెండింటికీ కారణం వేరు, పరిష్కారమూ వేరు. తగ్గుతోందంటే మందు, ఐఎస్ ఒకేసారి బయటికొచ్చి సోర్స్‌లో (అణువులు అయాన్లుగా మారే చోట) ఒకదాన్నొకటి అణచుకుంటున్నాయని. పెరుగుతోందంటే మందు తాలూకు సహజ ఐసోటోపులు ఐఎస్ ఛానెల్‌లోకి దూరుతున్నాయని.

ఐఎస్ కలపకుండా 5000 స్టాండర్డ్ ఒకటి ఇంజెక్ట్ చేసి ఐఎస్ ఛానెల్ చూడండి. దాంతో ఊహ అక్కర్లేదు.

బొమ్మసంద్ర_బయో
పెరుగుతోంది మామా. 5000 దగ్గర 14 నుంచి 16 శాతం ఎక్కువ. ఐఎస్ లేని 5000లో కూడా ఐఎస్ ఛానెల్‌లో అంత పీకే ఉంది. మేం కొలిచే ట్రాన్సిషన్‌లో (అణువు, దాని నుంచి వచ్చే ముక్కల జత) ఫ్రాగ్మెంట్ 400 దగ్గరిది, సీడీ3 అందులోనే ఉంటుంది.

ఎంఆర్ఎం_మామ
అయితే లెక్క సరిగ్గా కుదిరింది. 27 కార్బన్లు, 6 నైట్రోజన్లు, 8 ఆక్సిజన్ల అణువుకి ఎం+1 (సహజ ఐసోటోపుల వల్ల ఒక యూనిట్ బరువెక్కినవి) దాదాపు 31 శాతం, ఎం+2 ఆరున్నర, ఎం+3 ఒక శాతం. క్వాడ్ 1లో (బరువు బట్టి అణువులను ఏరే మొదటి జల్లెడ) మీ డీ3 కూర్చునేది ఆ ఎం+3 నెత్తి మీదే. అయితే ఎంఆర్ఎంలో (అణువునీ, దాని ముక్కనీ రెండుసార్లు ఏరి కొలిచేటప్పుడు) ఆ ఒక శాతం మొత్తం రాదు. లేబుల్ ఉన్న ముక్కలోనే మూడు బరువు పరమాణువులూ ఉన్న అణువులు మాత్రమే మీ ఐఎస్ ట్రాన్సిషన్‌లోంచి దూరగలవు. మీ ఫ్రాగ్మెంట్ అణువులో మూడింట రెండు వంతులు. మూడింట రెండు ఘనం అంటే 0.3. కాబట్టి 0.3 శాతం. 5000లో 0.3 శాతం 15 నానోగ్రాములు. ఐఎస్ 100. అదే మీ 15 శాతం.

ఇక్కడ చాలామంది పొరబడేది ఏమిటంటే లేబుల్ ఫ్రాగ్మెంట్‌లో ఉండాలి, న్యూట్రల్ లాస్‌లో (ఛార్జ్ లేకుండా ఊడిపోయే ముక్కలో) ఉండకూడదు అన్నదే సూత్రమని. అసలు చూడాల్సింది లేబుల్ ఉన్న ముక్క ఎంత చిన్నది అని. సీడీ3 ఉండి 200 దగ్గర వచ్చే ఫ్రాగ్మెంట్ ఏదైనా ఉందేమో ప్రాడక్ట్ అయాన్ స్కాన్‌లో వెతకండి. ముక్క మూడో వంతైతే ఘనం 0.037, అంటే 0.04 శాతం. 5000 దగ్గర 2 నానోగ్రాములే.

జీరో శాంపిల్ పీక్ సంగతి వేరు. 1 నానోగ్రాములో 45 శాతం అంటే 0.45. ఐఎస్ 100లో 0.45 అంటే మీ ఐఎస్ సీసాలో 0.45 శాతం లేబుల్ లేని అసలు మందు ఉంది. ఐసీహెచ్ ఎం10 (బయోఅనాలిసిస్‌కి అంతర్జాతీయ మార్గదర్శకం) ప్రకారం ఎల్‌ఎల్‌ఓక్యూలో 20 శాతం దాటకూడదు. అంటే 100 నానోగ్రాముల ఐఎస్‌కి డీ0 (ఒక్క డీ కూడా లేని అణువులు) 0.2 శాతం లోపుండాలి.

ఇప్పుడు చిక్కు చూడండి. డీ0 కోసం ఐఎస్ తగ్గిస్తే ఎం+3 వాటా పెరుగుతుంది. ఎం+3 కోసం ఐఎస్ పెంచితే డీ0 పెరుగుతుంది. డీ3తో వెడల్పు కర్వ్ పెట్టుకుంటే ముందు నుయ్యి వెనుక గొయ్యి.

బొమ్మసంద్ర_బయో
సర్టిఫికెట్‌లో 99 ఆటమ్ పర్సెంట్ డీ అని ఉంది. 0.45 శాతం డీ0 ఎలా వస్తుంది మరి?

ఖమ్మం_కెమిస్ట్
ఆ సంఖ్య మీ ప్రశ్నకు జవాబివ్వదు. 99 ఆటమ్ పర్సెంట్ అంటే ఒక్కో హైడ్రోజన్ స్థానంలో 99 శాతం డ్యుటీరియం. సీడీ3కి మూడూ ఉన్నవి 0.99 ఘనం, 97 శాతం. రెండే ఉన్నవి దాదాపు 2.9. మూడూ లేనివి పదిలక్షల్లో ఒకటి. కాబట్టి లెక్క ప్రకారం మీకు డీ0 ఉండనే కూడదు. 98 పర్సెంట్ డీ5 అయినా అంతే: డీ5 90.4, డీ4 9.2, డీ0 సున్నా అనుకోవచ్చు. డీ0 కనిపించిందంటే అది డ్యుటీరియం చాలక వచ్చింది కాదు, లేబుల్ లేని పదార్థం ఎక్కడో కలిసి వచ్చింది.

సీడీ3 లేబుల్‌లో అది ఎక్కడ కలుస్తుందో ఇట్టే చెప్పొచ్చు. సులువు దారి ఏమిటంటే చేతిలో ఉన్న అసలు మందునే తీసుకుని, మిథైల్ ఊడగొట్టి, ఆ డెస్‌మిథైల్ (మిథైల్ ఊడిన రూపం) మీద సీడీ3 అయొడైడ్ వేయడం. డీమిథైలేషన్ పూర్తి కాకపోతే మిగిలిన అసలు మందు అలాగే ముందుకు వస్తుంది. ఆఖర్లో దాన్ని, డీ3ని ఏ కాలమ్ మీదా విడదీయలేం, రెండూ ఒక్కచోటే దిగుతాయి. శుద్ధి చేయాల్సింది డెస్‌మిథైల్ దశలోనే. అక్కడ పోలారిటీ తేడా బాగా ఉంటుంది. ప్రెప్ హెచ్‌పీఎల్‌సీ గానీ, రెండుసార్లు క్రిస్టలైజేషన్ గానీ చేసి, ఎల్‌సీ-ఎంఎస్‌లో అసలు మందు 0.05 శాతం లోపు వచ్చాకే సీడీ3 అయొడైడ్ సీసా తెరవాలి. మీ సప్లయర్‌ని లాట్ మార్చమని కాదు, ఆ ఇంటర్మీడియట్ డేటా అడగండి.

బొమ్మసంద్ర_బయో
అడిగితే "కాన్ఫిడెన్షియల్" అంటారేమో.

ఖమ్మం_కెమిస్ట్
రూట్ కాన్ఫిడెన్షియల్ అంటే ఒప్పుకోవచ్చు. డీ0 సంఖ్య కాన్ఫిడెన్షియల్ ఎలా అవుతుంది అండీ, డబ్బిచ్చి కొనేది దాని కోసమే.

గిండీ_సింథసిస్
చెన్నై నుంచి. మిగతా దారుల్లో డీ శాతం ఎక్కడ పోతుందో చెప్తాను, ఇన్‌హౌస్ చేసుకునేవాళ్లకి పనికొస్తుంది.

డబుల్ బాండ్ మీద పల్లాడియం కార్బన్ కాటలిస్ట్, డ్యుటీరియం గ్యాస్ (డీ2)తో చేసేటప్పుడు గ్యాస్ ఎంత స్వచ్ఛమైనా మెథనాల్ వాడారంటే పనైపోయినట్టే. కాటలిస్ట్ మీద డీ2, మెథనాల్ ఓహెచ్‌లోని హైడ్రోజన్ మార్పిడి చేసుకుని హెచ్‌డీ తయారవుతుంది. రెండు డీలు ఎక్కాల్సిన అణువు డీ1, డీ0గా బయటికొస్తుంది. ఇథైల్ అసిటేట్ గానీ మెథనాల్-ఓడీ (ఓహెచ్ బదులు ఓడీ ఉన్న మెథనాల్) గానీ వాడాలి. సబ్‌స్ట్రేట్‌లో ఓహెచ్, ఎన్‌హెచ్ ఉంటే అవీ హైడ్రోజన్ పోస్తాయి. న్యూక్లియోసైడ్లలో అవే ఎక్కువ కాబట్టి ముందే మెథనాల్-ఓడీలో కరిగించి రోటావేపర్ మీద ఆరబెట్టాలి, మూడుసార్లు. కాటలిస్ట్ కూడా తడిగా వస్తుంది, దాని మీద పట్టుకున్న హైడ్రోజన్ ఉంటుంది. సబ్‌స్ట్రేట్ వేయకముందే సాల్వెంట్‌లో కాటలిస్ట్‌ని డీ2 కింద అరగంట తిప్పి, వాక్యూమ్ లాగి, కొత్త డీ2 నింపి, అప్పుడు సబ్‌స్ట్రేట్ ఎక్కించాలి. వడకట్టేటప్పుడు సెలైట్ (వడపోత పొడి) మీద పల్లాడియం ఆరిపోనివ్వకండి, నైట్రోజన్ కిందే పని. పొడి పల్లాడియం, సాల్వెంట్ ఆవిరి కలిస్తే నిప్పే.

లిథియం అల్యూమినియం డ్యుటీరైడ్ మీద మాత్రం జనానికి అనవసర భయం. చెన్నై గాలిలో తేమ దాన్ని తినేస్తుంది, నిజమే. కానీ తేమ వల్ల పోయేది దిగుబడి, డీ శాతం కాదు. కార్బన్ మీద కూర్చునే డీ అల్యూమినియం మీది నుంచే వస్తుంది, నీటి నుంచి రాదు. డీ శాతం తక్కువైందంటే రియాజెంట్‌లోనే హైడ్రైడ్ కలిసి ఉందని అర్థం.

భారజలం మాత్రం తేమకు దొరికితే దొరికినట్టే. మూత తీసి బెంచి మీద పెడితే గాలిలో నీటితో మార్పిడి మొదలవుతుంది. ఆర్గాన్ కింద, సెప్టం సీసాలో చిన్న చిన్న భాగాలుగా పంచి పెట్టుకోండి. దేశంలో భారజలం తయారుచేసేది హెవీ వాటర్ బోర్డు, అందులో పెద్ద ప్లాంటు ఒకటి మన మణుగూరులోనే ఉంది. అది అణుశక్తి నియంత్రణ కిందికి వచ్చే పదార్థం, కాబట్టి కొనుగోలు కాగితాలు మామూలు సాల్వెంట్ ఇండెంట్ లాగా ఒక్కరోజులో తేలవు. ప్రాజెక్ట్ ప్లాన్‌లో ఆ సమయం వేసుకోండి.

కొత్త_ట్రిపుల్‌క్వాడ్
చిన్న ప్రశ్న సార్. లేబుల్ ఎక్కడ ఉన్నా ఐఎస్‌కి తేడా ఏముంటుంది? బరువు తేడా ఉంటే చాలు కదా?

గిండీ_సింథసిస్
తేడా అంతా అక్కడే తమ్ముడూ. కార్బొనైల్ పక్క కార్బన్ మీద డీ పెడితే బేసిక్ పీహెచ్‌లో, కొన్నిసార్లు ప్లాస్మాలోనే, హైడ్రోజన్‌తో మారిపోతుంది. ప్యూరిన్ సీ8 స్థానం కూడా అంతే, నీళ్లలో వేడి చేస్తే మారుతుంది. ఎసైక్లోవిర్-డీ4లో డీలు పక్కగొలుసులోని ఇథిలీన్ మీద ఉండటం అందుకే మంచిది. ఫీనాల్ పక్క స్థానాలకు గట్టి యాసిడ్ పడదు. ఎన్‌డీ, ఓడీ (నైట్రోజన్, ఆక్సిజన్ మీది డీ) అయితే అసలు లేబులే కాదు, మొబైల్ ఫేజ్ తగలగానే పోతుంది.

కొత్త లేబుల్ రాగానే దీన్ని పరీక్షించుకోవాలి: 0.1 శాతం ఫార్మిక్ యాసిడ్ ఉన్న మొబైల్ ఫేజ్‌లో, 37 డిగ్రీల ప్లాస్మాలో, పీహెచ్ 9.5 బఫర్‌లో విడివిడిగా పెట్టి, 0 గంటకి, 24 గంటలకి డీ0, డీ1, డీ2 ఛానెళ్లు చూడాలి. మొత్తం ఏరియా చూసి ఊరుకుంటే దొరకదు. డీ3 తగ్గి డీ2 పెరిగితే మార్పిడి. మొత్తం తగ్గితే విచ్ఛిన్నం.

డీఎంపీకే_దుర్గ
ఆ ఆల్ఫా స్థానం మీద ఒక మాట. హెపటైటిస్ సీ మందు టెలాప్రెవిర్‌లో కీటోఅమైడ్ పక్కనున్న కైరల్ కార్బన్ తిరగబడి ఆర్ రూపం వస్తుంది, దాని శక్తి దాదాపు 30 రెట్లు తక్కువ. ఆ ఒక్క హైడ్రోజన్ బదులు డ్యుటీరియం పెడితే తిరగబడటం నెమ్మదించింది. 2009లో వచ్చిన పేపర్‌లో ఎలుకల్లో ఎక్స్‌పోజర్ 13 శాతం పెరిగింది. ఐఎస్‌కి చెత్త స్థానం మందుకి మంచి స్థానం అయింది చూడండి. 13 శాతం కోసం కొత్త అణువు నడపాలా అన్నది వేరే ప్రశ్న.

బొమ్మసంద్ర గారి రెండో ప్రశ్నకు రాత్రికి వివరంగా రాస్తాను.

కొత్త_ట్రిపుల్‌క్వాడ్
ఇంకొకటి. నిర్మాట్రెల్విర్‌కి డీ9 వాడితే ఐఎస్ కొంచెం ముందు వస్తోంది, 0.03 నిమిషం. పట్టించుకోవాలా?

ఎంఆర్ఎం_మామ
రివర్స్ ఫేజ్‌లో డీలు ఎక్కువైతే ముందు రావడం మామూలే. సీ-డీ బంధం సీ-హెచ్ కంటే కాస్త పొట్టిది, నీటిని వదిలి కాలమ్‌ని పట్టుకునే తత్వం కాస్త తక్కువ. 0.03 నిమిషం తేడా పీక్ వెడల్పుతో పోల్చి చూడాలి. బేస్‌లో 0.12 నిమిషం ఉన్న పీక్‌కి ఫర్వాలేదు. యూపీఎల్‌సీలో (ఎక్కువ ఒత్తిడితో సన్నటి పీకులిచ్చే ఎల్‌సీ) 0.05 నిమిషం పీక్‌కి సగానికి పైగా జరిగినట్టే. అప్పుడు మందు మీద లైసోఫాస్ఫోలిపిడ్ (సిగ్నల్‌ని అణిచే ప్లాస్మా కొవ్వు) పడి ఐఎస్ మీద పడకపోతే ఐఎస్ దిద్దాల్సింది దిద్దదు. 496→184, 524→184 ఛానెళ్లు పెట్టి ఫాస్ఫోలిపిడ్లు ఎక్కడ దిగుతున్నాయో చూసి, మీ పీక్ వాటికి దూరంగా ఉండేలా గ్రేడియెంట్ మార్చండి. గ్రేడియెంట్ నిటారుగా చేస్తే మందు, ఐఎస్ దగ్గరవుతాయి కూడా.

అయితే నిర్మాట్రెల్విర్-డీ9లో అసలు చూడాల్సింది ఇంకోటి. మందు 500→110, ఐఎస్ 509→110. డీ9 ఉన్నది టెర్ట్-బ్యూటైల్ మీద, 110 వచ్చేది డైమిథైల్ సైక్లోప్రొపేన్ ఉన్న ప్రోలిన్ ముక్క నుంచి. అంటే రెండింటికీ ప్రాడక్ట్ అయాన్ ఒకటే. కొలిజన్ సెల్ (అణువులు ముక్కలయ్యే గది) ఖాళీ కాకముందే తర్వాతి ట్రాన్సిషన్‌కి వెళ్తే ముందుదాని 110 తర్వాతిదానిలో లెక్కకొస్తుంది. ఎం+9 సహజ ఐసోటోప్ కాదు కాబట్టి 509 ఛానెల్‌లో పీక్ కనిపిస్తే అనుమానించాల్సింది క్రాస్‌టాక్‌నే. రెండు ట్రాన్సిషన్ల మధ్య విరామం (పాజ్ టైమ్) 5 మిల్లీసెకన్లు ఇవ్వండి. ట్రాన్సిషన్ల జాబితాలో 500కి 509కి మధ్య రిటోనావిర్ 721→296 పెట్టండి. ఐఎస్ లేని యూఎల్‌ఓక్యూ (కర్వ్‌లో అన్నిటికన్నా పై స్టాండర్డ్) ఒకటి, మందు లేని ఐఎస్ ఒకటి ఇంజెక్ట్ చేసి రెండువైపులా తేల్చుకోండి.

ప్లాస్మా_పద్మ
అందరూ సోర్స్‌లో, సెల్‌లో జరిగేదే మాట్లాడుతున్నారు. ఐఎస్ కలపకముందు ట్యూబులో జరిగినదాన్ని ఏ డ్యుటీరియమూ దిద్దలేదు, ఇది గుర్తుండాలి. యాంటీవైరల్స్‌లో ఈస్టర్, ఫాస్ఫోరమిడేట్ ప్రోడ్రగ్‌లు ఎక్కువ కాబట్టి ఇక్కడే ఎక్కువ దెబ్బ తగులుతుంది.

ఒసెల్టామివిర్ రక్తంలోనే ఈస్టరేజ్ వల్ల కార్బాక్సిలేట్ అవుతూ ఉంటుంది. మామూలు హెపారిన్ ట్యూబులో తీసి బెంచి మీద పెడితే మందు తగ్గి మెటబోలైట్ పెరుగుతుంది. ఐఎస్ రెండూ చక్కగా ఉంటాయి, కర్వ్ అద్భుతంగా ఉంటుంది, జవాబు తప్పు. ఫ్లోరైడ్-ఆక్సలేట్ ట్యూబు, ఐస్, 4 డిగ్రీల సెంట్రిఫ్యూజ్, అరగంటలో ప్లాస్మా వేరుచేసి మైనస్ 70కి. రెమ్డెసివిర్, టెనోఫోవిర్ అలఫెనమైడ్ లాంటివాటికి ప్లాస్మా వేరవగానే ఫార్మిక్ యాసిడ్ కలిపి యాసిడిక్ చేస్తే నిలుస్తాయి. ఎంత యాసిడ్ అన్నది మీ మందుకి మీరే తేల్చుకోవాలి, ఎక్కువైతే ప్రోటీన్ గడ్డకట్టి పిపెట్ చేయలేరు.

బొమ్మసంద్ర గారూ, వాలిడేషన్‌లో రక్తంలో స్థిరత్వం పరీక్ష ప్లాస్మాలో చేసి సరిపెట్టకండి. తాజా రక్తాన్ని 37 డిగ్రీలకి తెచ్చి, మందు స్పైక్ చేసి, 0, 30, 60, 120 నిమిషాలకి తీయాలి.

ఐఎస్ కలపడంలో కూడా ఒక మెలిక ఉంది. 50 మైక్రోలీటర్ల ప్లాస్మా మీద ఐఎస్‌ని అసిటోనైట్రైల్‌లోనే కలిపి 200 మైక్రోలీటర్లు ఒకేసారి పోయడం చాలాచోట్ల అలవాటు. పని త్వరగా అవుతుంది కానీ ఐఎస్ ప్రోటీన్‌ని చూడకముందే ప్రోటీన్ గడ్డకడుతుంది. గడ్డలో చిక్కిన మందు ఒక మోతాదు, ఐఎస్ ఇంకో మోతాదు. ప్రోటీన్‌కి 95 శాతం పైగా అతుక్కునే రిటోనావిర్, లోపినావిర్ లాంటివాటికి ఐఎస్‌ని 50 శాతం మెథనాల్‌లో 10 మైక్రోలీటర్లు ముందు వేసి, వోర్టెక్స్ చేసి, 10 నిమిషాలు ఆగి, అప్పుడు అసిటోనైట్రైల్ పోయండి.

బొమ్మసంద్ర_బయో
పద్మ మేడమ్, మేం అదే చేస్తున్నాం, అసిటోనైట్రైల్‌లోనే ఐఎస్. మారుస్తాం.

మామా, స్కాన్‌లో 200 దగ్గర సీడీ3 ఉన్న ఫ్రాగ్మెంట్ దొరికింది. మందుకి ఒకటి, ఐఎస్‌కి దానికంటే 3 ఎక్కువ. సెన్సిటివిటీ పాతదానిలో 60 శాతం.

ఎంఆర్ఎం_మామ
60 చాలు, ఎల్‌ఎల్‌ఓక్యూలో సిగ్నల్-నాయిస్ సరిపోతే వదలకండి. ఇప్పుడు లెక్క: ఐఎస్ 40కి దించితే డీ0 వాటా 0.18, అంటే ఎల్‌ఎల్‌ఓక్యూలో 18 శాతం. ఎం+3 వాటా 2/40, 5 శాతం. రెండూ అంచు మీదే, మెథడ్ ట్రాన్స్‌ఫర్ రోజున ఏదో ఒకటి పడిపోతుంది. యూఎల్‌ఓక్యూని 2500కి తెచ్చి ఐఎస్ 25 పెట్టండి. డీ0 11 శాతం, ఎం+3 4 శాతం. అంతకన్నా పైన వచ్చే శాంపిళ్లని పలచన చేసి కొలవడానికి డైల్యూషన్ క్యూసీ (మోతాదు ముందే తెలిసిన పరీక్ష శాంపిల్) వాలిడేట్ చేసుకుంటే సరి. కొత్త ఐఎస్ వచ్చేదాకా ఇలా నడుస్తుంది.

ఆర్డర్ పెట్టేటప్పుడు ఐఎస్ డీ3 వద్దు. ఎం+5 గానీ అంతకన్నా ఎక్కువ గానీ. దొరికితే కార్బన్-13, నైట్రోజన్-15: కాలమ్ నుంచి దిగే సమయం మారదు, లేబుల్ ఊడి వెనక్కి మారదు.

ఖమ్మం_కెమిస్ట్
కార్బన్-13 ధర చూశారా మామా, మిల్లీగ్రాముకి కళ్లు తిరుగుతాయి.

ఎంఆర్ఎం_మామ
మిల్లీగ్రాము ధర చూస్తే తిరుగుతాయి. శాంపిల్ ధర చూడు. 25 నానోగ్రామ్/మి.లీ. చొప్పున 50 మైక్రోలీటర్లకి 1.25 నానోగ్రాములు. 5 మిల్లీగ్రాములు అంటే 40 లక్షల శాంపిళ్లు. స్టాక్ పారబోసినవి, పాతబడినవి తీసేసినా మిగిలేది ఎంత? కొన్నదంతా ఎక్స్‌పైరీ దాకా ఫ్రిజ్‌లోనే ఉంటుంది. ఫెయిలైన ఒక్క రన్ మళ్లీ నడిపే ఖర్చు ముందు ఇదెంత.

డీఎంపీకే_దుర్గ
ఇక మందునే డ్యుటీరేట్ చేయడం గురించి. సీ-డీ బంధం తెగడానికి సీ-హెచ్ కన్నా మోల్‌కి దాదాపు 1.2 కిలోకాలరీ ఎక్కువ పడుతుంది, అది గది ఉష్ణోగ్రత దగ్గర గరిష్ఠంగా ఏడు రెట్ల నెమ్మదికి సమానం. సైటోక్రోమ్ ఎంజైముల్లో (కాలేయంలో మందుల్ని ఆక్సిడైజ్ చేసేవి) అంత రాదు. బంధం తెగడమే మొత్తం చర్యలో నిదానమైన మెట్టైతేనే తేడా కనిపిస్తుంది. మందు ఎంజైములోకి ఎక్కడమో, మెటబోలైట్ దిగడమో నిదానమైతే డీ పెట్టినా ఒకటే పెట్టకపోయినా ఒకటే. ఒక స్థానం మూసేస్తే ఎంజైము పక్క స్థానాన్ని పట్టుకోవడం ఇంకోటి.

కాబట్టి మొదటి ప్రశ్న: మీ మందు అసలు సైటోక్రోమ్ వల్ల పోతోందా? మీది న్యూక్లియోసైడ్ ప్రోడ్రగ్. ఈస్టరేజ్ విడగొడుతుంది, కైనేజ్‌లు ట్రైఫాస్ఫేట్ చేస్తాయి, మిగిలింది కిడ్నీ బయటికి పంపుతుంది. ఈ మెట్లలో సీ-హెచ్ తెగేది ఎక్కడా లేదు. డీ పెట్టి ఆపేది ఏమిటి?

జిగణి_జీవి
మరి ఆ డ్యుటీరియం ఉన్న కోవిడ్ మందు వీవీ116 పనిచేసింది కదా మేడమ్? చైనాలో 2023 జనవరిలో అనుమతి కూడా వచ్చింది.

డీఎంపీకే_దుర్గ
పనిచేసింది. డ్యుటీరియం వల్ల పనిచేసిందా అన్నదే ప్రశ్న. దాని మూలం రెమ్డెసివిర్ తాలూకు అసలు న్యూక్లియోసైడ్ జీఎస్-441524. బేస్ మీద 7వ స్థానంలో ఒక డీ, చక్కెర మీది మూడు ఓహెచ్‌లకీ ఐసోబ్యూటిరేట్ ఈస్టర్లు. నోటి ద్వారా ఎక్కేది ఆ ఈస్టర్ల పుణ్యం. 2022 చివర్లో వచ్చిన ఫేజ్ 3లో 822 మందిలో పోల్చింది నిర్మాట్రెల్విర్-రిటోనావిర్‌తో. కోలుకునే సమయం మీడియన్ 4 రోజులు, అటు 5. దానికి తీసిపోదని తేలింది. కానీ డీ లేని అదే ట్రైఐసోబ్యూటిరేట్‌తో ఆ ట్రయల్‌లో పోల్చలేదు, కాబట్టి డీ వాటా ఎంతో దాని నుంచి చెప్పలేం. ఆ ఫలితం చూపించి "డ్యుటీరియం పనిచేస్తుంది" అనడం నేను ఒప్పుకోను.

డీకి నిజంగా పని ఉన్న యాంటీవైరల్స్ వేరు. హెచ్ఐవీ మందు నెవిరపిన్ చూడండి. దాని 12వ స్థానం మిథైల్ ఆక్సిడైజ్ అయి, సల్ఫేట్ అయి, చర్మం మీద దద్దుర్లకు దారితీస్తుంది. ఆ మిథైల్‌ని సీడీ3 చేస్తే ఎలుకల్లో దద్దుర్లు తగ్గాయి. ఇంకో హెచ్ఐవీ మందు ఎఫావిరెంజ్‌లో సైక్లోప్రొపైల్ మీద ఒక్క డీ పెట్టి, ఎలుకల కిడ్నీ దెబ్బతినడానికి కారణమైన మెటబోలైట్ దారి ఏదో 2000లోనే తేల్చారు. ఇక్కడ డీ మందు కాదు, తప్పు ఏ దారిదో చెప్పే పనిముట్టు. నా లెక్కలో యాంటీవైరల్స్‌లో దాని అసలు విలువ అక్కడే.

ప్రోటియేజ్ ఇన్హిబిటర్లలో రిటోనావిర్ బూస్ట్ (మందు త్వరగా పోకుండా పక్కన ఇచ్చేది) లేకుండా నడపాలన్న ఆశ కూడా ఉండేది. డ్యుటీరేటెడ్ అటాజనవిర్, సీటీపీ-518, ఫేజ్ 1 దాకా వెళ్లింది, మార్కెట్‌కి రాలేదు. రిటోనావిర్ సీవైపీ3ఏ4 అనే సైటోక్రోమ్‌ని దాదాపు పూర్తిగా ఆపేస్తుంది, డీ రెండు మూడు రెట్లు నెమ్మది చేస్తే గొప్ప. రెండూ ఒక తూకానివి కావు.

జిగణి_జీవి
మరి డ్యుటెట్రాబెనజిన్, డ్యూక్రావాసిటినిబ్?

డీఎంపీకే_దుర్గ
అవి యాంటీవైరల్స్ కావు, కానీ పాఠం మంచిదే. 2017లో వచ్చిన మొదటిదానిలో మెథాక్సీలు ఊడిపోవడమే మందు పోయే దారి, సీడీ3 సరిగ్గా అక్కడ పెట్టారు. 2022లో వచ్చిన రెండోదానిలో అమైడ్ మిథైల్ ఊడితే సెలెక్టివిటీ లేని మెటబోలైట్ వస్తుంది, దాన్ని ఆపడానికి సీడీ3. రెండు చోట్లా ఆపాల్సిన బంధం ముందే తెలుసు.

బొమ్మసంద్ర గారూ, మీ కెమిస్ట్రీ వాళ్లు ఊరుకోకపోతే సింథసిస్ ఒప్పుకునే ముందు ఇది చేయించండి. హ్యూమన్ లివర్ మైక్రోసోములు (ఈ ఎంజైములుండే కాలేయ కణాల భాగం) 0.5 మి.గ్రా./మి.లీ., మందు 1 మైక్రోమోలార్, ఎన్‌ఏడీపీహెచ్ (సైటోక్రోమ్ పనిచేయడానికి కావలసినది) 1 మిల్లీమోలార్, 37 డిగ్రీలు, 0, 5, 10, 20, 40 నిమిషాలు. పక్కన ఎన్‌ఏడీపీహెచ్ లేని కంట్రోల్. కంట్రోల్‌లో కూడా అంతే వేగంగా పోతుంటే అది ఈస్టరేజ్, కథ అక్కడితో ముగిసింది. ఎన్‌ఏడీపీహెచ్ ఉంటేనే పోతుంటే మెటబోలైట్ ఐడీ చేసి ఏ కార్బనో తేల్చి, అప్పుడు ఆ ఒక్క చోట డీ పెట్టి పక్కపక్క వెల్స్‌లో పోల్చండి. తర్వాత హెపటోసైట్లలో (కాలేయ కణాల్లో). తేడా ఒకటిన్నర రెట్ల లోపుంటే నేనైతే ఆపేస్తాను.

ప్లాస్మా_పద్మ
డీ మందు ఒంట్లోకి వెళ్తే ప్రమాదం అని ఎథిక్స్ కమిటీలో అడుగుతారు. లెక్క ఎవరైనా ఇస్తే బాగుంటుంది.

డీఎంపీకే_దుర్గ
వీవీ116 మొదటి రోజు 600 మి.గ్రా. చొప్పున రెండుసార్లు. అణుభారం దాదాపు 502, ఒక్క డీ. అంటే 1200 మి.గ్రా.లో డీ 5 మి.గ్రా. లోపే. 70 కిలోల మనిషి ఒంట్లో సహజంగానే దాదాపు 2 గ్రాముల డ్యుటీరియం ఉంటుంది. అడగాల్సింది డీ గురించి కాదు, ఆ అణువు, దాని మెటబోలైట్ల గురించి.

ఖమ్మం_కెమిస్ట్
రెండు మాటలు. డీ మందే మీ ఏపీఐ (మందులోని అసలు పదార్థం) అయితే ఐసోటోపిక్ ప్యూరిటీ ఒక స్పెసిఫికేషన్ అవుతుంది. డీ0ని ఇంప్యూరిటీ లాగా ప్రతి బ్యాచ్‌లో ఎన్‌ఎంఆర్, హై రిజల్యూషన్ ఎంఎస్‌తో చూపించాలి. మామూలు హెచ్‌పీఎల్‌సీ ప్యూరిటీలో అది కనిపించదు. బ్యాచ్ పెద్దదయ్యేకొద్దీ హైడ్రోజన్ చొరబడే దారులూ పెరుగుతాయి.

రెండోది, ఇక్కడి పేటెంట్. తెలిసిన అణువుకి డీ పెట్టామంటే మన పేటెంట్ చట్టం సెక్షన్ 3(డి) ఎదురవుతుంది. చికిత్సా సామర్థ్యం పెరిగిందని డేటా చూపాలి. హాఫ్ లైఫ్ గ్రాఫ్ ఒక్కటే పెడితే దాని మీద వాదన తప్పదు.

ఎంఆర్ఎం_మామ
బయోఅనాలిసిస్‌కి కూడా పని పెరుగుతుంది. ఒక్క డీ ఉన్న న్యూక్లియోసైడ్ 293 దగ్గర, డీ లేనిది 292 దగ్గర. డీ లేనిదాని ఎం+1 దాదాపు 15 శాతం. రోగి అంతకుముందు రెమ్డెసివిర్ తీసుకుని ఉంటే దాని న్యూక్లియోసైడ్ మీ 293 ఛానెల్‌లో వచ్చి కూర్చుంటుంది. ప్రీడోస్ శాంపిల్‌లో (మందు ఇవ్వకముందు తీసినదానిలో) 292 కూడా చూడండి. ఆ మందుకి ఐఎస్ కూడా డీ1 మీద ఇంకో నాలుగైదు ఎక్కువ ఉండాలి.

బొమ్మసంద్ర_బయో
అందరికీ ధన్యవాదాలు. కొత్త ఐఎస్ ఆర్డర్‌లో ఏం రాయాలో ఒక్కచోట చెప్పగలరా మామా? పర్చేజ్ వాళ్లకి పంపాలి.

ఎంఆర్ఎం_మామ
రాసుకోండి: లేబుల్ స్థానం నిర్మాణచిత్రంలో గుర్తించి ఉండాలి, ఎం+5 లేదా ఎక్కువ, కెమికల్ ప్యూరిటీ 98 శాతం పైన, డీ0 0.1 శాతం మించకూడదు, డీ0 నుంచి డీ5 దాకా ఎంఎస్‌తో కొలిచిన పంపిణీ పట్టికగా, సాల్ట్ రూపం, నీటి శాతం. "ఆటమ్ పర్సెంట్" ఒక్కటే ఇచ్చే సర్టిఫికెట్ ఒప్పుకోం అని విడిగా ఒక వాక్యం. 5 మి.గ్రా. చాలు. వచ్చాక స్టాక్ అసిటోనైట్రైల్‌లోనో డీఎంఎస్‌ఓలోనో చేయండి. ఫాస్ఫోరమిడేట్, ఈస్టర్ ప్రోడ్రగ్‌ల స్టాక్‌ని నెలల తరబడి మెథనాల్‌లో ఉంచకండి, ట్రాన్స్‌ఎస్టెరిఫికేషన్ (మెథనాల్ ఈస్టర్‌లో దూరి మందుని మార్చేయడం) ఉంటుంది.

కొత్త_ట్రిపుల్‌క్వాడ్
రన్‌లో ఐఎస్ ఏరియా ఎంత అటూ ఇటూ అయితే అనుమానించాలి సార్?

ఎంఆర్ఎం_మామ
ఎస్‌ఓపీలో (ల్యాబ్ పనివిధాన పత్రంలో) ముందే రాసుకోవాలి. చాలాచోట్ల అంగీకరించిన స్టాండర్డ్లు, క్యూసీల సగటులో 50 నుంచి 150 శాతం. నేను అంకె కన్నా వరస చూస్తాను. ఐఎస్ ఏరియాని ఇంజెక్షన్ క్రమంలో గ్రాఫ్ గీయి. మెల్లగా జారుతుంటే సోర్స్ మురికి. ఒక్కటే పడిపోతే పిపెట్టో, గడ్డకట్టిన శాంపిలో. స్టాండర్డ్లు, క్యూసీలు ఒక మట్టంలో, రోగుల శాంపిళ్లన్నీ ఇంకో మట్టంలో ఉంటే 50-150 లోపలే ఉన్నా ఆగాలి. మ్యాట్రిక్స్‌లో (మందున్న ప్లాస్మాలో) ఏదో తేడా ఉంది: వేరే యాంటీకోయాగులెంట్, హీమోలిసిస్, లేదా పక్కన వాడుతున్న ఇంకో మందు. ఆ శాంపిళ్లలో రెండు మూడింటిని బ్లాంక్ ప్లాస్మాతో పదింతలు పలచన చేసి మళ్లీ నడుపు. జవాబు 15 శాతం లోపు కలిస్తే ఐఎస్ తన పని చేస్తున్నట్టే.

కొత్త_ట్రిపుల్‌క్వాడ్
సరే సార్, మధ్యాహ్నం రన్‌లో గీసి పెడతాను.